కలంకారీ వస్త్రాల ఛాయాచిత్రాలలో వర్ణ సవరణ: రా ఫైల్ సాఫ్ట్‌వేర్ ఉపకరణాల పరిశీలన

వ్యాస సంగ్రహం:

హస్తకళలు, చిత్రకళ, ప్రాచీన లిఖిత సంపదలపై జరిగే పరిశోధనలో డిజిటల్ ఛాయాచిత్రం ప్రధాన ఆధారంగా మారింది. ఆ చిత్రంలోని రంగు వస్తువుకు చెందినదా, దానిపై పడిన వెలుగుకు చెందినదా, సాఫ్ట్‌వేర్ చేర్చినదా అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం లేనప్పుడు రంగుపై ఆధారపడిన నిర్ధారణలు నిలబడవు. రా ఫైళ్లను సంస్కరించే సాఫ్ట్‌వేర్‌లలోని వర్ణ సవరణ ఉపకరణాల పనితీరును శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల నమోదును ఉదాహరణగా తీసుకొని వివరించడం, వాటిని ఏ క్రమంలో నేర్చుకోవాలో సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: రా ఫైల్, వర్ణ సవరణ, శ్వేత సమతుల్యత, కలంకారీ, వర్ణ పట్టిక, కెమెరా ప్రొఫైల్.

1. ఉపోద్ఘాతం:

కలంకారీ వస్త్రాలు, తాళపత్రాలు, కుడ్యచిత్రాలు, నకాషీ పటాలు మొదలైన వాటిపై పరిశోధన చేసేవారు మూల వస్తువు ముందు గడిపే సమయం కొన్ని గంటలే. సిద్ధాంత గ్రంథం పూర్తయ్యే వరకు వారి ముందుండేది ఆ వస్తువు ఛాయాచిత్రమే. ఒక వస్త్రంలోని ఎరుపు మరొక వస్త్రంలోని ఎరుపు కంటే ముదురుగా ఉన్నదనీ, ఒకదాని నేల పసుపు ఛాయలో, మరొకదాని నేల తెలుపులో ఉన్నదనీ వ్రాసే వాక్యాలకు చాలా సందర్భాలలో ఆధారం కంప్యూటర్ తెరపై కనిపించిన రంగే. మొదటి వస్త్రాన్ని కిటికీ వెలుగులోను, రెండవదాన్ని ఎల్‌ఈడీ దీపం కింద చిత్రించి ఉంటే ఆ వాక్యం వస్త్రాల గురించి కాక దీపాల గురించి చెబుతున్నట్టవుతుంది.

ఈ ప్రమాదాన్ని తగ్గించే సాధనాలు నేడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అడోబీ సంస్థ 2007లో విడుదల చేసిన లైట్‌రూమ్, ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లైన డార్క్‌టేబుల్, రాథెరపీ మొదలైనవి ఇటువంటివే. అయితే వీటిని నేర్పే పాఠాలలో ఎక్కువ భాగం చిత్రాన్ని ఆకర్షణీయంగా మార్చే మార్గాలను చెబుతాయి. పరిశోధకుని అవసరం వేరు. అతనికి కావలసింది వస్తువు రంగును వెలుగు రంగు నుండి వేరుచేసి చూపే పద్ధతి. ఆ దృష్టితో ఈ ఉపకరణాలను పరిశీలించవలసి ఉన్నది.

2. రా ఫైల్ స్వభావం:

కెమెరా సెన్సార్‌కు స్వతహాగా రంగు తెలియదు. దానిలోని ప్రతి బిందువు తనపై పడిన కాంతి పరిమాణాన్ని మాత్రమే కొలుస్తుంది. ఆ బిందువులపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలను గళ్లుగా అమర్చే పద్ధతిని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రూపొందించాడు. దానికి 1976లో అమెరికాలో పేటెంట్ లభించింది. ఈ అమరికలో సగం బిందువులు ఆకుపచ్చకు, నాలుగవ వంతు ఎరుపుకు, నాలుగవ వంతు నీలానికి కేటాయించబడి ఉంటాయి. ప్రతి బిందువు వద్ద లోపించిన రెండు రంగుల విలువలను ఇరుగుపొరుగు బిందువుల నుండి అంచనా కట్టడాన్ని డెమోజాయిసింగ్ అంటారు.

ఈ అంచనాకు ముందున్న కొలతల సమాహారమే రా ఫైల్. ఇందులో ప్రతి కొలత సాధారణంగా 12 లేదా 14 బిట్లలో ఉంటుంది. 14 బిట్లలో 16,384 స్థాయిలు ఉండగా, 8 బిట్ల జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 స్థాయిలే ఉంటాయి. స్థాయిల సంఖ్య కంటే ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. జేపెగ్‌లో వెలుగు రంగుకు సంబంధించిన నిర్ణయం చిత్రంలో కలిసిపోయి ఉంటుంది. రా ఫైల్‌లో ఆ నిర్ణయం కొలతల పక్కన వ్రాసి పెట్టిన సూచన మాత్రమే. దానిని ఎన్నిసార్లు మార్చినా మూల కొలతలు చెక్కుచెదరవు.

ఈ సౌలభ్యానికి ఒక హద్దు ఉన్నది. చిత్రం తీసే సమయంలోనే ఏదైనా ఒక రంగు విలువ గరిష్ఠ స్థాయిని దాటితే అక్కడి సమాచారం శాశ్వతంగా పోతుంది. పసుపు దీపం కింద కలంకారీ ఎరుపును ఎక్కువ వెలుగుతో చిత్రిస్తే ఎరుపు విలువలు ముందుగా గరిష్ఠాన్ని తాకుతాయి. అప్పుడు ఎరుపులోని గాఢతా భేదాలన్నీ చదునైపోతాయి. వాటిని ఏ ఉపకరణమూ తిరిగి తీసుకురాలేదు. కెమెరా తెరపై కనిపించే హిస్టోగ్రామ్ సాధారణంగా జేపెగ్ రూపం నుండి లెక్కించినది కాబట్టి, రా ఫైల్‌ను సాఫ్ట్‌వేర్‌లో తెరచి మూడు రంగుల విలువలను విడివిడిగా పరిశీలించడం మొదటి అలవాటు కావాలి.

3. శ్వేత సమతుల్యత:

3.1. రెండు అక్షాలు:

వర్ణ సవరణలో మొదటి మెట్టు వైట్ బ్యాలెన్స్. తెలుగులో దీనిని శ్వేత సమతుల్యత అనవచ్చు. ఇది రెండు అక్షాలపై పనిచేస్తుంది. టెంపరేచర్ అనే అక్షం నీలం, పసుపుల మధ్య నడుస్తుంది. దీని కొలమానం కెల్విన్. తంతు బల్బు వెలుగు సుమారు 2,700 నుండి 3,200 కెల్విన్‌ల వరకు, పగటి వెలుగు సుమారు 5,500 కెల్విన్‌లు, నీలాకాశం కింది నీడ అంతకంటే ఎక్కువగా ఉంటాయి. టింట్ అనే రెండవ అక్షం ఆకుపచ్చ, మెజెంటాల మధ్య నడుస్తుంది. ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు చిత్రానికి పూసే పచ్చదనాన్ని ఇది సరిచేస్తుంది.

టెంపరేచర్ సంఖ్య విషయంలో కొత్తవారికి తికమక కలగడం సహజం. తక్కువ కెల్విన్‌ల వెలుగు పసుపుగా ఉంటుంది కదా, మరి సంఖ్యను తగ్గిస్తే చిత్రం నీలంగా మారుతున్నదేమి అన్న సందేహం వస్తుంది. ఆ సంఖ్య చిత్రానికి పూయవలసిన రంగును సూచించదు. చిత్రం తీసిన చోట వెలుగు ఎలా ఉన్నదో సాఫ్ట్‌వేర్‌కు తెలియజేస్తుంది. వెలుగు 3,000 కెల్విన్‌లని చెబితే అందులోని పసుపును తీసివేయడానికి సాఫ్ట్‌వేర్ నీలాన్ని పెంచుతుంది. 7,500 అని చెబితే నీలాన్ని తగ్గిస్తుంది. ఈ సూత్రం అర్థమైతే ఆ జారుడు గీటును ఎటు జరపాలో గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు.

3.2. తటస్థ బిందువు సమస్య:

ప్రతి సాఫ్ట్‌వేర్‌లోను ఒక నమూనా సేకరణ ఉపకరణం ఉంటుంది. చిత్రంలో తటస్థంగా ఉండవలసిన చోట దానితో నొక్కితే, అక్కడి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు సమానమయ్యేలా చిత్రమంతటినీ అది సవరిస్తుంది. నొక్కిన చోటు నిజంగా ఏ రంగూ లేని బూడిద వన్నెది అన్న ఊహపైనే ఈ లెక్క ఆధారపడి ఉన్నది. కలంకారీ విషయంలో ఈ ఊహ పరిశోధకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది.

శ్రీకాళహస్తి పద్ధతిలో వస్త్రాన్ని ముందుగా కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో తడిపి ఆరబెడతారు. ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రావణం కరక్కాయ పట్టిన నూలుపై నలుపు గీతగా తేలుతుంది. పటిక పూసిన చోట చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్ల రంగు ఎరుపుగా పట్టుకుంటుంది. నీలానికి నీలిమందును వాడతారు. ఈ ప్రక్రియలో వస్త్రపు నేలకు లేత పసుపు ఛాయ అబ్బుతుంది. తరువాతి ఉతుకులు దానిని తగ్గించినా, పూర్తయిన వస్త్రం నేల చాలా సందర్భాలలో మీగడ వన్నెలోనే నిలుస్తుంది. చూసేవారికి అది తెలుపుగా తోచినా, కొలతలో తటస్థం కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీని ఫలితాన్ని గమనించవచ్చు. బూడిద కార్డు సాయంతో సరిగా సవరించిన చిత్రంలో వస్త్రపు నేల విలువలు ఎరుపు 0.66, ఆకుపచ్చ 0.60, నీలం 0.48 అనుకుందాం. నేల తెలుపే కదా అని పరిశోధకుడు అక్కడ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఎరుపును సుమారు 0.91తోను, నీలాన్ని 1.25తోను గుణిస్తుంది. నేల 0.60, 0.60, 0.60 అయి తటస్థమైన బూడిద వన్నెకు మారుతుంది. ఈ గుణకారం నేలతో ఆగదు. 0.50, 0.40, 0.10 ఉన్న పసుపు 0.455, 0.40, 0.125 అవుతుంది. అంటే ఎరుపు వాటా తగ్గి ఆ పసుపు ఆకుపచ్చ వైపు జరుగుతుంది. నీలిమందు ఉన్న ప్రతిచోటా నీలం నాలుగవ వంతు పెరుగుతుంది. ఒక్క నొక్కుతో కరక్కాయ మిగిల్చిన జాడ చెరిగిపోయి, ఆ వస్త్రం మిల్లులో తెల్లబరచిన గుడ్డలా కనిపిస్తుంది. నేల వన్నెను బట్టి తయారీ విధానాన్ని చర్చించే పరిశోధనకు ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

తాళపత్రాలకూ ఇదే వర్తిస్తుంది. ఆకు సహజంగా గోధుమ పసుపు వన్నెలో ఉంటుంది. ఆ వన్నెను వెలుగు దోషంగా భావించి తొలగిస్తే లిపి స్పష్టంగా కనిపించవచ్చు గాని, ఆకు స్థితిని తెలిపే సమాచారం పోతుంది.

3.3. తటస్థతకు ఆధారం:

దీనికి పరిష్కారం వస్తువులో తటస్థతను వెతకడం మాని, కొలిచి తయారుచేసిన బూడిద కార్డును వస్తువు పక్కనే ఉంచి అదే వెలుగులో చిత్రించడం. కార్డుకు బదులు తెల్ల కాగితం పనికిరాదు. సాధారణ కాగితాలలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అతినీలలోహిత కాంతిని గ్రహించి నీలి వెలుగును వెదజల్లుతాయి. అటువంటి కాగితంపై నొక్కితే చిత్రం పసుపు వైపు మొగ్గుతుంది.

కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ సైతం పోలికకు ఆధారం కాజాలదు. అది ప్రతి చిత్రంలోని రంగులను బట్టి వెలుగును అంచనా వేస్తుంది. ఒకే దీపం కింద ఒకే వస్త్రాన్ని మొత్తంగా ఒకసారి, ఎర్రని అంచును దగ్గరగా మరొకసారి చిత్రిస్తే రెండు అంచనాలు వేరువేరుగా రావచ్చు. బూడిద కార్డు నుండి పొందిన ఒకే విలువను ఆ వెలుగులో తీసిన చిత్రాలన్నింటికీ నకలు చేయడం సరైన పద్ధతి. కిటికీ వెలుగు, దీపం వెలుగు కలిసిపడిన చిత్రాన్ని ఒకే విలువతో సరిచేయడం సాధ్యం కాదు. డార్క్‌టేబుల్‌లో చిత్రాన్ని భాగాలుగా విభజించి వేరువేరు సవరణలు చేసే వీలున్నా, చిత్రించే ముందు కిటికీ మూయడమే ఉత్తమం.

4. కెమెరా ప్రొఫైల్, వర్ణ పట్టిక:

శ్వేత సమతుల్యత తటస్థ వన్నెలను సరిచేస్తుంది. ఎరుపు సరైన ఎరుపుగా, నీలం సరైన నీలంగా రావడానికి అది చాలదు. ప్రతి సెన్సార్ వడపోతలు వేరు. అవి మానవ నేత్రంలా స్పందించవు. సెన్సార్ విలువలను అంతర్జాతీయ ప్రకాశన సంఘం 1931లో నిర్వచించిన వర్ణ వ్యవస్థలోకి మార్చే గణిత సమాచారాన్ని కెమెరా ప్రొఫైల్ అంటారు. సరళమైన ప్రొఫైల్‌లో ఇది మూడు వరుసలు, మూడు నిలువుల మాత్రికగా ఉంటుంది.

ప్రొఫైల్ ఎంపిక రంగును ఎంతగా మార్చగలదో లైట్‌రూమ్‌లో సులువుగా గమనించవచ్చు. అడోబీ న్యూట్రల్, అడోబీ కలర్, అడోబీ వివిడ్ అనే ప్రొఫైళ్లను ఒకదాని తరువాత ఒకటి ఎంచుకుంటే, మరే గీటునూ కదపకుండానే అదే వస్త్రం మూడు రకాలుగా కనిపిస్తుంది. కాబట్టి ఏ సవరణా చేయలేదన్న మాటకు రా ఫైల్ విషయంలో అర్థం లేదు. సాఫ్ట్‌వేర్‌లో తెరచిన క్షణానికే ఒక సవరణ జరిగి ఉంటుంది.

నమ్మదగిన ప్రొఫైల్‌కు ఆధారం 24 గళ్ల వర్ణ పట్టిక. మెకామీ, మార్కస్, డేవిడ్‌సన్ దీనిని 1976లో శాస్త్ర లోకానికి పరిచయం చేశారు. నాలుగు వరుసలలో ఆరేసి గళ్లున్న ఈ పట్టికలో చివరి వరుస తెలుపు నుండి నలుపు వరకు తటస్థ వన్నెలది. ప్రతి గడి రంగుకూ ముందే కొలిచిన విలువ ఉంటుంది. పట్టికను వస్తువుతోపాటు చిత్రించి, కెమెరా ఇచ్చిన విలువలను తెలిసిన విలువలతో సాఫ్ట్‌వేర్ పోల్చి సవరణను లెక్కిస్తుంది. మిగిలిన తేడాను డెల్టా ఈ అనే సంఖ్యతో తెలుపుతారు. ఆ సంఖ్య ఎంత చిన్నదైతే ప్రొఫైల్ ఆ పట్టికకు అంత దగ్గరగా ఉన్నట్టు. సాంస్కృతిక సంపద డిజిటలీకరణకు అమెరికాలోని ఫాడ్జీ, నెదర్లాండ్స్‌లోని మెటామోర్ఫోజ్ రూపొందించిన మార్గదర్శకాలు సైతం వర్ణ విశ్వసనీయతను ఇటువంటి కొలతలతోనే నిర్ణయిస్తాయి.

డార్క్‌టేబుల్ 2020లో ప్రవేశపెట్టిన కలర్ కాలిబ్రేషన్ విభాగం ఇక్కడ ప్రస్తావించదగినది. ఒక వెలుగులోని రంగులను మరొక వెలుగులో కనిపించే తీరుకు మార్చే సిద్ధాంతానికి జర్మన్ శాస్త్రవేత్త వాన్ క్రీస్ 20వ శతాబ్ది ఆరంభంలో పునాది వేశాడు. దానిని అభివృద్ధి చేసిన బ్రాడ్‌ఫర్డ్, క్యాట్16 వంటి పద్ధతులను ఈ విభాగం ఉపయోగిస్తుంది. ఇందులో పాత వైట్ బ్యాలెన్స్ విభాగాన్ని కెమెరా ప్రామాణిక స్థితిలో ఉంచి, అసలు సవరణను కొత్త విభాగానికి వదిలివేయాలి. రెండు చోట్లా సవరిస్తే ఒకే దోషాన్ని రెండుసార్లు దిద్దినట్టవుతుంది. ఆ సందర్భంలో సాఫ్ట్‌వేర్ హెచ్చరిక చూపుతుంది.

పట్టికకూ పరిమితి ఉన్నది. పట్టికలోని రంగులు పూతలు. కలంకారీ రంగులు నూలుకు పట్టిన అద్దకాలు. కంటికి ఒకేలా కనిపించే రెండు నీలాలు కాంతిని వేరువేరు రీతుల్లో పరావర్తనం చేయవచ్చు. నీలిమందు దృశ్య వర్ణపటపు ఎర్రని చివర దాటేచోట కాంతిని ఎక్కువగా పరావర్తనం చేస్తుంది. ఆ ప్రాంతంలో సెన్సార్ స్పందన కంటిలా ఉండదు కాబట్టి, పట్టికలోని నీలం సరిగా వచ్చినా వస్త్రంలోని నీలం కొంత తప్పవచ్చు. మూల వస్త్రం అందుబాటులో ఉన్నప్పుడే చిత్రాన్ని దానితో సరిపోల్చుకోవడం అందుకే అవసరం.

5. వెలుగునీడల సవరణ, ఎంపిక సవరణలు:

వర్ణ సవరణకు ముందే ఎక్స్‌పోజర్‌ను స్థిరపరచాలి. పట్టికలోని తటస్థ గళ్ల విలువలే దీనికి ప్రమాణం. కాంట్రాస్ట్ పెంచే వక్రరేఖను ఎరుపు, ఆకుపచ్చ, నీలాలపై విడివిడిగా ప్రయోగించినప్పుడు రంగుల గాఢత కూడా పెరుగుతుంది. అది వెలుగునీడల సవరణగా కనిపించినా వర్ణ మార్పే. నమోదు కోసం తీసిన చిత్రాలలో ఈ వక్రరేఖను వీలైనంత సరళంగా ఉంచాలి.

ఆ తరువాత వచ్చేవి ఎంపిక సవరణలు. లైట్‌రూమ్‌లోని హెచ్‌ఎస్‌ఎల్ విభాగం రంగులను ఎనిమిది శ్రేణులుగా విభజించి, ఒక్కొక్క శ్రేణిలో హ్యూ, శాచురేషన్, ల్యూమినెన్స్‌లను, అంటే వన్నె, గాఢత, వెలుగులను విడిగా మారుస్తుంది. డార్క్‌టేబుల్‌లోని కలర్ జోన్స్ ఇటువంటిదే. వైబ్రెన్స్ గీటు తక్కువ గాఢత ఉన్న రంగులను ఎక్కువగా పెంచుతుంది. కలర్ గ్రేడింగ్ చక్రాలు నీడలకు, మధ్యమ వెలుగులకు, అధిక వెలుగులకు వేరువేరు రంగులు చేరుస్తాయి.

వీటికీ, పై రెండు విభాగాలలో వివరించిన వాటికీ మౌలిక భేదం ఉన్నది. బూడిద కార్డు, వర్ణ పట్టికలకు వస్తువు వెలుపల ఒక ప్రమాణం ఉన్నది. మరొక పరిశోధకుడు అదే ఫైల్‌తో అదే ఫలితాన్ని పొందగలడు. హెచ్‌ఎస్‌ఎల్ గీటును 15 వరకు జరపడానికి అటువంటి ప్రమాణం లేదు. కంటికి నచ్చడమే దాని ఆధారం. కంటికి చుట్టూ ఉన్న వెలుగుకు అలవాటుపడే గుణం ఉన్నది. కాసేపు పసుపు ఛాయలో ఉన్న తెరను చూస్తే అదే తెలుపుగా తోస్తుంది. కాబట్టి మొదటి వర్గాన్ని సవరణ అనీ, రెండవ వర్గాన్ని అలంకరణ అనీ వేరుచేయడం పరిశోధనకు శ్రేయస్కరం. అలంకరణ నిషిద్ధం కాదు. గ్రంథం ముఖచిత్రానికి, ప్రదర్శనకు అది అవసరం కావచ్చు. అటువంటి ప్రతిని విడిగా భద్రపరచి, విశ్లేషణకు వాడకపోవడం పాటించవలసిన నియమం.

6. తెర, ప్రచురణ:

సవరణ ఎంత శ్రద్ధగా జరిగినా తెర తప్పుగా ఉంటే ఫలితాన్ని సరిగా అంచనా వేయలేము. కొలిచే పరికరంతో తెరను డీ65 శ్వేత బిందువుకు సరిదిద్దుకోవాలి. గది గోడలు, దీపాలు తటస్థంగా ఉండాలి. ఆ పరికరం అందుబాటులో లేనప్పుడు తెరపై కనిపించిన రంగును నమ్మకుండా, పట్టికలోని గళ్ల విలువలను సంఖ్యలుగా చదివి సరిచూసుకోవడం మేలు.

ఈ-పత్రికలకు పంపే చిత్రాన్ని ఎస్‌ఆర్‌జీబీ వర్ణావరణంలోకి మార్చి, ఆ ప్రొఫైల్‌ను ఫైల్‌లో పొందుపరచాలి. అడోబీ ఆర్‌జీబీ వంటి విస్తృత వర్ణావరణంలోని చిత్రాన్ని ప్రొఫైల్ లేకుండా పంపితే పాఠకుని తెరపై రంగులు వెలిసినట్లు కనిపిస్తాయి. భద్రపరచే ప్రతిని మాత్రం విస్తృత వర్ణావరణంలో 16 బిట్ల టిఫ్ రూపంలో ఉంచి, మూల రా ఫైల్‌ను దానితోపాటు దాచాలి.

7. అభ్యాస క్రమం:

పరిశోధక విద్యార్థులకు ఈ ఉపకరణాలను బోధించేటప్పుడు కింది క్రమం ఉపయుక్తంగా ఉంటుంది.

1. ఒకే వస్త్రాన్ని బూడిద కార్డుతో సహా పగటి వెలుగులోను, తంతు బల్బు కింద, ఎల్‌ఈడీ కింద చిత్రింపజేయాలి.
2. మూడు చిత్రాలనూ కార్డు ఆధారంగా సవరింపజేసి, ఎంతవరకు ఏకమయ్యాయో పరిశీలింపజేయాలి. తరువాత వస్త్రపు నేలపై నొక్కించి భేదాన్ని గమనింపజేయాలి.
3. వర్ణ పట్టికతో ప్రొఫైల్ తయారుచేయించి, సిద్ధంగా ఉన్న ప్రొఫైల్‌తో పోల్పించాలి.
4. హెచ్‌ఎస్‌ఎల్ వంటి ఎంపిక సవరణలను చివర పరిచయం చేయాలి.
5. ప్రతి దశలో చేసిన మార్పును నమోదు చేయించాలి.

చివరి అంశానికి సాఫ్ట్‌వేరే సాయపడుతుంది. ఇవి మూల ఫైల్‌ను మార్చవు. చేసిన సవరణల వివరాలను సాఫ్ట్‌వేర్ విడిగా భద్రపరుస్తుంది. డార్క్‌టేబుల్ వాటిని ఎక్స్‌ఎంపీ అనే అనుబంధ ఫైల్‌లో వ్రాస్తుంది. శాసన పాఠాన్ని ప్రకటించేటప్పుడు పూరించిన అక్షరాలను గుర్తులతో చూపినట్లే, చిత్రాన్ని ప్రకటించేటప్పుడు వెలుగు రకం, కార్డు లేదా పట్టిక, ప్రొఫైల్, వాడిన సవరణలను చిత్రం కింద రెండు వాక్యాలలో తెలపవచ్చు.

8. ముగింపు:

రా ఫైల్ సాఫ్ట్‌వేర్‌లోని వర్ణ సవరణ ఉపకరణాలు రెండు వర్గాలు. వస్తువు వెలుపలి ప్రమాణంపై ఆధారపడే శ్వేత సమతుల్యత, ప్రొఫైల్ మొదటి వర్గం. చూసేవారి అభిరుచిపై ఆధారపడే ఎంపిక సవరణలు రెండవ వర్గం. కలంకారీ నేల విషయంలో చూసినట్లు, తప్పు చోట వేసిన ఒక్క నొక్కు తయారీ విధానానికి చెందిన సాక్ష్యాన్ని తుడిచివేయగలదు. సరైన సవరణ జరిగిన చిత్రం కూడా రంగును మాత్రమే తెలుపుతుంది. ఆ ఎరుపు వేళ్ల నుండి వచ్చినదా, కృత్రిమ అలిజరినా అన్నది చెప్పడానికి రసాయన పరీక్ష అవసరం. ఈ హద్దులను గుర్తించి, సవరణ వివరాలను చిత్రంతోపాటు ప్రకటించినప్పుడు మరొక పరిశోధకుడు ఆ రంగును పరీక్షించగలుగుతాడు. ఛాయాచిత్రానికి ఆధారమనే అర్హత అప్పుడే సిద్ధిస్తుంది.